అవార్డు కొట్టిన ఇంజిన్లు: పవర్‌లో, మైలేజీలో ఏ కంపెనీ ఎక్కడుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ప్రతి కంపెనీ తన ఇంజిన్‌కి ఏదో ఒక ఇంటర్నేషనల్ అవార్డు వచ్చిందని బ్రోషర్‌లో వేసుకుంటోంది, మరి పవర్‌లోనూ మైలేజీలోనూ నిజంగా ముందున్నది ఎవరు, కారు కొనేటప్పుడు ఆ అవార్డు చూసి నిర్ణయం తీసుకోవచ్చా అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. అవార్డుల సంఖ్య చూస్తే బీఎండబ్ల్యూ. లీటరు పెట్రోలుకి ఎంత దూరం పోతుందన్నది చూస్తే టొయోటా, దాని వెనకే హోండా, హ్యుందాయ్. లీటరు ఇంజిన్ సైజుకి ఎంత పవర్ అన్నది చూస్తే మెర్సిడెస్-ఏఎంజీ, ఫెరారీ. టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి కూరే పరికరం) గానీ మోటారు గానీ లేని మామూలు పెట్రోల్ ఇంజిన్‌లోంచి మైలేజీ పిండటం చూస్తే మాజ్డా. ఈ నాలుగింటిలోనూ ముందుండే కంపెనీ ఒక్కటీ లేదు. ఎవరికో చేతకాక కాదు, ఒక పని కోసం ఇంజిన్‌లో చేసే మార్పు ఇంకో పనికి అడ్డొస్తుంది కాబట్టి. ఇక అవార్డు సంగతంటారా, ఆ ఏడాది కొత్తగా ఏదైనా చేసి, నడిపినవాళ్లని మెప్పించిన ఇంజిన్ ఏదో అది చెప్తుంది. మీ రోడ్డు మీద, మీ స్పీడులో అది ఎంత ఇస్తుందో, ఏడో ఏట దాని పరిస్థితి ఏమిటో చెప్పదు. కాబట్టి అవార్డు చూసి కారుని లిస్టులో పెట్టుకోండి, కొనాలా వద్దా అనేది మాత్రం వేరే విషయాలు చూసి తేల్చుకోండి.

నేను చాలాకాలం ఇంజిన్ టెస్ట్ బెడ్ మీద, అంటే డైనో మీద, ఆ తర్వాత కాలిబ్రేషన్‌లో పనిచేశాను. ఏ ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర, ఎంత లోడ్ మీద, ఎంత పెట్రోల్, ఎప్పుడు స్పార్క్ అన్నది కంప్యూటర్‌లో నింపే పని. కింద రాసేదంతా ఆ అనుభవంతో చెప్తున్నదే.

అవార్డు ఎలా ఇస్తారు

మీరు బ్రోషర్లలో చూసేది చాలావరకు ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్. 1999లో మొదలైంది, ఇంజిన్ టెక్నాలజీ మీద వచ్చే ఒక బ్రిటిష్ పత్రికవాళ్లు నడిపారు. 30కి పైగా దేశాల మోటార్ జర్నలిస్టులు ఓట్లేసేవాళ్లు. మైలేజీ, పికప్, స్మూత్‌నెస్, శబ్దం, నడపడానికి ఎలా ఉంది, టెక్నాలజీలో కొత్తదనం ఎంత, ఇవన్నీ కలిపి చూసేవాళ్లు. రెండోది అమెరికాలో వార్డ్స్ ఇచ్చే 10 బెస్ట్ ఇంజిన్స్, అది 1995 నుంచి ఉంది, అక్కడ అమ్మే కార్లని వాళ్ల ఎడిటర్లు మామూలు రోడ్ల మీద రోజువారీగా నడిపి ఎంచుతారు. రెండూ నిజాయితీగా చేసే పనులే, నాకు వాటి మీద గౌరవం ఉంది. కానీ రెండింటిలోనూ ఇంజిన్‌ని డైనో మీద పెట్టరు, లక్ష కిలోమీటర్ల తర్వాత విప్పి చూడరు. చూసే ఉద్దేశమూ వాళ్లకి లేదు, ఆ అవార్డు పెట్టింది అందుకు కాదు.

1999 నుంచి 2019 వరకు 21 సార్లు ఓవరాల్ అవార్డు ఇచ్చారు. అందులో బీఎండబ్ల్యూకి 7, ఫెరారీకి 4, ఫోర్డ్‌కి 3, టొయోటాకీ ఫోక్స్‌వాగన్‌కీ రెండేసి, హోండా, మాజ్డా, ఫియట్‌లకి ఒక్కొక్కటి. ఈ లెక్క మాత్రమే చూసి బీఎండబ్ల్యూ గొప్పది అనేస్తే అసలు సంగతి తెలియదు. ఏ ఏడాది ఏ రకం ఇంజిన్‌కి వచ్చిందో వరసగా చూడండి.

1999లో గెలిచింది టొయోటా యారిస్ 1.0, 2000లో హోండా ఇన్‌సైట్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌కి కరెంటు మోటారు తోడున్నది) 1.0. రెండూ చిన్నవి, పొదుపైనవి. 2001లో బీఎండబ్ల్యూ ఎం3 సిక్స్ సిలిండర్, 2002లో అదే కంపెనీ వాల్వ్‌ట్రానిక్ వీ8 (రెండు వరసల్లో ఎనిమిది సిలిండర్లు), 2003లో మాజ్డా ఆర్‌ఎక్స్-8 రోటరీ (పిస్టన్ల బదులు గుండ్రంగా తిరిగే రోటర్ ఉన్న ఇంజిన్). 2004లో మళ్లీ పొదుపు వైపు తిరిగి ప్రియస్ 1.5 హైబ్రిడ్‌కి ఇచ్చారు. 2005, 2006ల్లో ఎం5 వీ10, 2007, 2008ల్లో బీఎండబ్ల్యూ 3.0 ట్విన్ టర్బో. ఆ తర్వాత గాలి పూర్తిగా మారింది: 2009, 2010ల్లో ఫోక్స్‌వాగన్ 1.4 ట్విన్‌చార్జర్, 2011లో ఫియట్ 0.9 ట్విన్‌ఎయిర్, 2012 నుంచి 2014 దాకా వరసగా మూడేళ్లు ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్, 2015లో బీఎండబ్ల్యూ ఐ8లోని 1.5 మూడు సిలిండర్ల హైబ్రిడ్. 2016 నుంచి 2019 దాకా నాలుగుసార్లూ ఫెరారీ 3.9 ట్విన్ టర్బో వీ8.

2009 నుంచి చిన్న ఇంజిన్ల వరస ఎందుకు మొదలైందంటే, అదే ఏడాది యూరోపియన్ యూనియన్ ఒక చట్టం చేసింది. 2015 నాటికి కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు కిలోమీటరుకి 130 గ్రాముల సీఓ2కి తగ్గాలని. అందరూ ఇంజిన్ సైజు తగ్గించి టర్బో తగిలించారు. జడ్జిలు కూడా ఆ పనిని బాగా చేసినవాళ్లకే ఓటేశారు. అంటే అవార్డుల లిస్టు చదివితే కంపెనీల శక్తి కంటే ఆ కాలం ఏం కోరుకుందో ఎక్కువ కనిపిస్తుంది. అన్నట్టు, 2019లో ఈ అవార్డు విభాగాలనే మార్చేశారు. అంతకుముందు ఇంజిన్ సైజుని బట్టి విభజించేవాళ్లు, అప్పటినుంచి హార్స్‌పవర్‌ని బట్టి. టర్బో వచ్చాక సీసీ చూసి పవర్ చెప్పే పరిస్థితి పోయింది కాబట్టి అది సరైన మార్పే అంటాను.

పవర్ ఎక్కడినుంచి వస్తుంది

ఇంజిన్ పవర్ పెంచడానికి దారులు మూడే. సైజు పెంచడం, ఆర్‌పీఎం పెంచడం, టర్బోతో గాలి ఎక్కువ కూరడం. ఒక్కో కంపెనీ ఒక్కో దారిలో పేరు తెచ్చుకుంది.

హోండా ఎస్2000లో ఉన్న 2.0 ఇంజిన్ రెండో దారికి మంచి ఉదాహరణ. టర్బో లేదు. యూరప్ మోడల్లో 240 హార్స్‌పవర్, ఆర్‌పీఎం 9,000 దాకా వెళ్తుంది. పిస్టన్ స్ట్రోక్, అంటే అది పైకీ కిందకీ కదిలే దూరం, 84 మిల్లీమీటర్లు, ఆ స్పీడులో పిస్టన్ సగటు వేగం లెక్కేస్తే సెకనుకి 25 మీటర్లు వస్తుంది. మామూలు రోడ్డు కారులో ఆ వేగాన్ని వారంటీ ఇచ్చి అమ్మడం ఆషామాషీ కాదు. కానీ టార్క్, అంటే తిప్పే బలం, 208 న్యూటన్ మీటర్లే, అదీ 7,500 ఆర్‌పీఎం దగ్గర. కింద గేరు వేసి పరిగెత్తిస్తేనే ఆ ఇంజిన్ మాట వింటుంది. ట్రాఫిక్‌లో మామూలు 2.0 కారులాగే ఉంటుంది.

ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ మూడో దారి. 999 సీసీ, మూడు సిలిండర్లు, 125 హార్స్‌పవర్, 170 న్యూటన్ మీటర్లు. హోండాకి లీటరుకి 104 న్యూటన్ మీటర్లయితే దీనికి 170, అదీ కింది ఆర్‌పీఎంలోనే. రోజూ నడిపేవాళ్లకి పికప్ అంటే ఇదే. ఈ ఇంజిన్‌లో నాకు నచ్చింది టర్బో కంటే చిన్న చిన్న నిర్ణయాలు. బ్లాక్ అల్యూమినియం కాకుండా కాస్ట్ ఐరన్ వాడారు, త్వరగా వేడెక్కాలని. మూడు సిలిండర్ల వణుకు తగ్గించడానికి బ్యాలెన్స్ షాఫ్ట్ పెట్టకుండా ఫ్లైవీల్‌నీ పుల్లీనీ కావాలనే కొంచెం బ్యాలెన్స్ తప్పించి ఆ వణుకుని తట్టుకునే దిశకి మళ్లించారు. బ్యాలెన్స్ షాఫ్ట్ తిప్పడానికి పోయే పవర్ మిగిలింది. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌ని, అంటే కాలిన గ్యాస్ బయటికి పోయే పైపుల్ని, సిలిండర్ హెడ్‌లోనే పోతపోసి దాని చుట్టూ కూలెంట్ తిప్పారు. ఇది ఎందుకు ముఖ్యమో కింద చెప్తాను.

అదే దారిలో చివరిదాకా వెళ్లింది మెర్సిడెస్-ఏఎంజీ. 2019లో వచ్చిన ఎం139 ఇంజిన్ 1,991 సీసీ నాలుగు సిలిండర్లతో 421 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్లు ఇచ్చింది. లీటరుకి 211 హార్స్‌పవర్. ఫెరారీ 488 జీటీబీలోని 3.9 వీ8 లీటరుకి సుమారు 172, మొత్తం 670. అంకెల్లో ఏఎంజీ ముందుంది, ఓవరాల్ అవార్డు మాత్రం 2016 నుంచి నాలుగేళ్లు ఫెరారీకి వెళ్లింది. కారణం టర్బో ఉన్నట్టే తెలియకుండా చేయడం. టర్బో ఇంజిన్‌లో కాలు నొక్కాక ఒక క్షణం ఆగి ఒక్కసారిగా లాగుతుందే, ఆ గుణం దీంట్లో దాదాపు లేదు. అసలు టార్క్ మొత్తం, అంటే 760 న్యూటన్ మీటర్లు, ఏడో గేరులోనే ఇస్తారు. కింది గేర్లలో కంప్యూటర్ తగ్గించి, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ పెరిగేలా చేస్తుంది. ఉన్న టార్క్‌ని దాచిపెట్టి నడిపే అనుభూతిని కాపాడటం కాలిబ్రేషన్ చేసేవాడి పని. అది ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి ఆ అవార్డులు న్యాయమైనవే అనుకుంటాను. జడ్జిలు దాన్ని ఎంత మెచ్చారంటే, 2018లో అవార్డుకి ఇరవయ్యో ఏడు వచ్చినప్పుడు ఆ ఇరవై ఏళ్లలోకీ ఉత్తమ ఇంజిన్‌గా కూడా దీన్నే ఎంచారు.

మైలేజీ లెక్క వేరు

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. కంపెనీలు థర్మల్ ఎఫిషియెన్సీ 40 శాతం, 41 శాతం అని ప్రకటిస్తాయి. అంటే పెట్రోల్‌లో ఉన్న శక్తిలో అంత భాగం క్రాంక్‌షాఫ్ట్ దగ్గర పనిగా వస్తుంది, మిగతాది వేడిగా పోతుంది. అది నిజమైన అంకే, కానీ అది ఇంజిన్ మొత్తానికి వర్తించే అంకె కాదు, ఒక్క పాయింట్ దగ్గర వచ్చేది. ఫలానా ఆర్‌పీఎం, ఫలానా లోడ్. ఆ చోటు దాటితే పడిపోతుంది, లోడ్ తక్కువైతే మరీ పడిపోతుంది.

లెక్క వేసి చూపిస్తాను. మామూలు సైజు కారు చదునైన రోడ్డు మీద నిలకడగా గంటకి 80 కిలోమీటర్ల వేగంతో పోవడానికి కావాల్సింది సుమారు 8 కిలోవాట్లు, అంటే 11 హార్స్‌పవర్. అంతే. 120 హార్స్‌పవర్ కారైనా 400 హార్స్‌పవర్ కారైనా ఆ వేగానికి వాడేది దాదాపు అంతే. కిలో పెట్రోల్‌లో సుమారు 12 యూనిట్ల శక్తి ఉంటుంది. ఆ లోడ్ దగ్గర ఇంజిన్ ఎఫిషియెన్సీ 25 శాతం ఉందనుకోండి, గంటకి 2.7 కిలోల పెట్రోల్ కావాలి, అంటే 3.6 లీటర్లు. 80 కిలోమీటర్లకి 3.6 లీటర్లంటే లీటరుకి 22. అదే పని 36 శాతం దగ్గర చేయించగలిగితే 2.5 లీటర్లు చాలు, లీటరుకి 32 వస్తుంది. కారు అదే, రోడ్డు అదే, వేగం అదే. ఇంజిన్‌ని ఏ ఆర్‌పీఎం, ఏ లోడ్ దగ్గర నడిపిస్తున్నామన్నదొక్కటే తేడా.

పెద్ద ఇంజిన్ తక్కువ లోడ్‌లో ఎందుకు తాగుతుందంటే, థ్రాటిల్, అంటే గాలి లోపలికి వెళ్లే దారిలోని తలుపు, దాదాపు మూసి ఉంటుంది, సగం నొక్కిపెట్టిన గొట్టంలోంచి గాలి పీల్చుకున్నట్టు ప్రతి స్ట్రోక్‌లో కొంత పని అక్కడే వృథా అవుతుంది. పైగా లోపలి రాపిడి లోడ్‌తో పాటు తగ్గదు. ఇంజిన్ చిన్నదైతే అదే 8 కిలోవాట్లకి థ్రాటిల్ ఎక్కువ తెరుచుకుంటుంది, అందుకని మంచి పాయింట్‌కి దగ్గరవుతుంది. చిన్న టర్బో ఇంజిన్ల వెనక ఉన్న ఆలోచన ఇదే. బీఎండబ్ల్యూ వాల్వ్‌ట్రానిక్ ఇంకో దారి పట్టింది. మామూలు నడకలో థ్రాటిల్‌ని పూర్తిగా తెరిచే ఉంచి, లోపలికి వెళ్లే గాలిని ఇన్‌టేక్ వాల్వ్ ఎంత లేస్తుందన్న దానితో కంట్రోల్ చేస్తుంది. 2002లో వీ8కి అవార్డు రావడంలో దీని పాత్ర ఉంది.

టొయోటా ఎందుకు ముందుంది? ఇంజిన్‌ని చెడ్డ పాయింట్ల దగ్గర నడపనివ్వదు కాబట్టి. ప్రియస్ 1.5 ఇంజిన్‌కి వచ్చింది 77 హార్స్‌పవర్ మాత్రమే. ఆ సైజుకి చాలా తక్కువ. ఇన్‌టేక్ వాల్వ్‌ని ఆలస్యంగా మూసి, లోపలికొచ్చిన గాలిలో కొంత వెనక్కి నెట్టేస్తారు. దాంతో కంప్రెషన్ (మిశ్రమాన్ని నొక్కడం) కంటే ఎక్స్‌పాన్షన్ (కాలాక అది వ్యాకోచించడం) ఎక్కువవుతుంది, కాలిన గ్యాస్‌లోంచి చివరిదాకా పని రాబట్టొచ్చు. పవర్ తగ్గుతుంది, ఆ తగ్గినదాన్ని మోటారు భర్తీ చేస్తుంది. లోడ్ మరీ తక్కువైనప్పుడు ఇంజిన్ ఆగిపోతుంది, బ్యాటరీ లాగుతుంది. ఇదంతా 1997లోనే మొదలుపెట్టి ప్రతి తరంలోనూ కొంచెం కొంచెం సానబట్టారు. 2015 చివర్లో వచ్చిన ప్రియస్ 1.8 ఇంజిన్ 40 శాతానికి చేరింది. కామ్రీకి 2017లో వచ్చిన 2.5 డైనమిక్ ఫోర్స్ ఇంజిన్ హైబ్రిడ్‌లో 41 శాతం, హైబ్రిడ్ కాకపోయినా 40. ఆ 2.5 ఇంజిన్ గురించి ఒక మాట చెప్పాలి: బోర్ (సిలిండర్ వెడల్పు) 87.5, స్ట్రోక్ 103.4 మిల్లీమీటర్లు. అంత పొడుగు స్ట్రోక్ పెడితే మంట గోడలకి తగిలి పోగొట్టుకునే వేడి తగ్గుతుంది. ఎస్2000 ఇంజిన్ కొలతలు గుర్తుందా, బోర్ 87, స్ట్రోక్ 84. ఒకటి తొమ్మిది వేల ఆర్‌పీఎం కోసం పుట్టింది, ఇంకోటి పొదుపు కోసం. బోర్లు దాదాపు ఒకటే, కథ మొత్తం స్ట్రోక్‌లో ఉంది. పవర్, మైలేజీ రెంటిలోనూ ఒకే ఇంజిన్ మొదట రావడం ఎందుకు కుదరదో ఈ రెండు కొలతలు చూస్తే చాలావరకు అర్థమవుతుంది.

హోండా రెండు మోటార్ల హైబ్రిడ్‌లో ఊళ్లో తిరిగేటప్పుడు ఇంజిన్ ఎక్కువగా జనరేటర్‌నే తిప్పుతుంది, హైవే వేగంలో మాత్రం క్లచ్ పడి చక్రాలకి నేరుగా కలుస్తుంది. హ్యుందాయ్ తన అయోనిక్ 1.6కి 40 శాతం ప్రకటించింది. ఈ మూడింటి మధ్య మైలేజీ తేడా కొనేవాళ్లు భయపడేంత పెద్దది కాదు.

మాజ్డాని విడిగా చెప్పడానికి కారణం, వాళ్లు 2011లో అందరూ టర్బో వైపు పరిగెడుతుంటే 14:1 కంప్రెషన్‌తో మామూలు పెట్రోల్ ఇంజిన్ చేశారు. అంత కంప్రెషన్ పెడితే నాకింగ్ వస్తుంది, టక్ టక్ మని కొడుతుంది. దాన్ని ఆపడానికి ఎగ్జాస్ట్ పైపుల్ని పొడుగ్గా, 4-2-1 పద్ధతిలో కలిపి, ఒక సిలిండర్ వేడి గ్యాస్ పక్క సిలిండర్‌లోకి వెనక్కి రాకుండా చేశారు. పిస్టన్ మధ్యలో చిన్న గుంట పెట్టి మంట మొదట్లోనే చల్లారకుండా చూశారు. నిస్సాన్ ఇంకో రకం. 2018లో అమ్మకానికొచ్చిన 2.0 వీసీ-టర్బోలో కంప్రెషన్ నడుస్తుండగానే 8:1 నుంచి 14:1 దాకా మారుతుంది. క్రాంక్ దగ్గర అదనపు లింకులు పిస్టన్ పైకి వెళ్లే హద్దునే మారుస్తాయి. మెకానికల్‌గా నేను చూసిన అందమైన పనుల్లో ఇదొకటి. విడిభాగాలు ఎక్కువ, అదే దాని బరువూ ఖర్చూ.

టర్బోకి మైలేజీ ఎక్కడ పడిపోతుంది

ఇది డైనో గదిలో కళ్లారా చూడాల్సిన విషయం. చిన్న టర్బో ఇంజిన్‌ని నిలకడగా మీడియం లోడ్ మీద పెడితే పెట్రోల్ మీటర్ బుద్ధిగా ఉంటుంది. లోడ్ పెంచుకుంటూ పోతాం, టర్బో హౌసింగ్ ముందు ముదురు ఎరుపు, తర్వాత నారింజ రంగుకి తిరుగుతుంది, గది లైట్లు ఆర్పితే ఆ వెలుగులోనే పైపులు కనిపిస్తాయి. ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత హద్దుకి చేరగానే కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోయడం మొదలుపెడుతుంది, కాల్చడానికి కాదు, టర్బోనీ, పొగని శుభ్రం చేసే క్యాటలిస్ట్‌నీ చల్లబరచడానికి. పవర్ పెద్దగా పెరగదు, పెట్రోల్ మీటర్ మాత్రం ఒక్కసారి ఎగురుతుంది. ఫుల్ లోడ్‌తో ఘాట్ ఎక్కేటప్పుడు, నిండా జనంతో హైవే మీద తొక్కేటప్పుడు చిన్న టర్బో కారు మైలేజీ ఘోరంగా పడిపోయిందని చెప్పేవాళ్లంతా దీని గురించే చెప్తున్నారు. ఫోర్డ్ హెడ్‌లోనే మ్యానిఫోల్డ్ పోతపోసి కూలెంట్‌తో చల్లబరిచింది సరిగ్గా ఇందుకే, ఆ హద్దు ఇంకాస్త దూరం జరుగుతుందని.

ఫియట్ 0.9 ట్విన్‌ఎయిర్ విషయంలో బ్రోషర్ మైలేజీకీ నడిపినవాళ్ల మైలేజీకీ తేడా ఎక్కువని అప్పట్లో చాలా చర్చ జరిగింది. ఇంజిన్ మంచిదే, తప్పు ఎక్కువగా పరీక్షది. అప్పటి యూరప్ టెస్ట్ సైకిల్ ఎన్‌ఈడీసీలో సున్నా నుంచి 50కి చేరడానికి 26 సెకన్లు ఇచ్చేవాళ్లు. మీరు సిగ్నల్ దగ్గర అలా కదిలితే వెనకవాళ్లు హారన్ ఆపరు. మొత్తం 11 కిలోమీటర్లు, 20 నిమిషాలు. చిన్న ఇంజిన్ ఆ టెస్టులో ఎప్పుడూ తన మంచి పాయింట్ దాటి పోదు. 2017 సెప్టెంబర్ నుంచి కొత్త మోడళ్లకి డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్త టెస్ట్ తెచ్చారు, 23 కిలోమీటర్లు, 131 దాకా వేగం. ఇప్పటి అంకెలు వాస్తవానికి చాలా దగ్గరగా ఉంటాయి. అందుకే 2017కి ముందు అవార్డు కొట్టిన కారు మైలేజీ అంకెని ఇప్పటి కారు అంకెతో పక్కపక్కన పెట్టి పోల్చకండి.

పవర్, ఎఫిషియెన్సీ ఎప్పుడూ శత్రువులే అనుకోకండి, ఫార్ములా 1లో రెండూ ఒకటే. 2014లో అక్కడ గంటకి 100 కిలోలకి మించి పెట్రోల్ పోయకూడదని నియమం పెట్టారు. పోసేది అందరికీ ఒకటే అయినప్పుడు ఎక్కువ పవర్ రావాలంటే వృథా తగ్గించుకోవడం తప్ప మార్గం లేదు. 2017లో మెర్సిడెస్ తన ఎఫ్1 ఇంజిన్ డైనో మీద 50 శాతం దాటిందని ప్రకటించింది. కానీ అది దాదాపు ఎప్పుడూ ఫుల్ లోడ్ మీదే తిరిగే ఇంజిన్. మీ కారు ఎక్కువసేపు తిరిగేది ఆ 11 హార్స్‌పవర్ దగ్గర.

అవార్డు తర్వాత ఏమైంది

ఇది చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టే. 2007, 2008ల్లో గెలిచిన బీఎండబ్ల్యూ 3.0 ట్విన్ టర్బో అద్భుతమైన ఇంజిన్, కానీ దాని హై ప్రెజర్ ఫ్యూయల్ పంపు కోసం 2010లో అమెరికాలో రీకాల్ చేయాల్సొచ్చింది. ఫోర్డ్ 1.0లో టైమింగ్ బెల్టు ఇంజిన్ ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది, రాపిడి తగ్గడానికి అది తెలివైన ఏర్పాటు, కానీ ఆయిల్ గ్రేడ్ తప్పినా మార్పు ఆలస్యమైనా బెల్టు పాడవుతుంది. తర్వాతి వెర్షన్లలో ఫోర్డ్ టైమింగ్‌కి చైన్ పెట్టింది. ఆయిల్ పంపు బెల్టు టెన్షనర్ కారణంగా 2023 చివర్లో అమెరికాలో కొన్ని ఫోకస్, ఎకోస్పోర్ట్ బండ్లని రీకాల్ చేసింది కూడా. మాజ్డా రోటరీ అయితే స్మూత్‌నెస్‌లో దానికి సాటి లేదు, కానీ దహనం జరిగే చోటు పొడుగ్గా సన్నగా ఉంటుంది, వేడి గోడలకే పోతుంది, సీళ్ల కోసం ఆయిల్‌ని కాల్చక తప్పదు. ఆర్‌ఎక్స్-8 ఉత్పత్తి 2012లో ఆగిపోయింది. ఇంకో రకం ఉదాహరణ: అమెరికాలో 2009 గ్రీన్ కార్ ఆఫ్ ది ఇయర్ ఫోక్స్‌వాగన్ జెట్టా టీడీఐకి, 2010ది ఆడి ఏ3 టీడీఐకి ఇచ్చారు. 2015లో ఎమిషన్ల మోసం (టెస్టులో మాత్రమే పొగ తగ్గించి చూపించడం) బయటపడ్డాక ఆ రెండూ వెనక్కి తీసుకున్నారు.

దీనర్థం అవార్డు ఇంజిన్లన్నీ చెడిపోతాయని కాదు. ప్రియస్ ఇంజిన్ ట్యాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిరిగింది, యారిస్ 1.0 కూడా మొండి ఇంజిన్. తేడా ఎక్కడంటే, కొత్తదనం ఎంత ఎక్కువుంటే మొదటి రెండు మూడేళ్ల బండ్లలో తెలియని లోపం బయటపడే అవకాశం అంత ఎక్కువ. అవార్డు వచ్చేది ఎక్కువగా ఆ మొదటి ఏళ్లలోనే. అందుకే నన్నడిగితే అవార్డు వచ్చిన ఇంజిన్‌నే తీసుకోండి, మూడో ఏడో నాలుగో ఏడో వచ్చిన వెర్షన్ తీసుకోండి అంటాను.

డైరెక్ట్ ఇంజెక్షన్ గురించి నా చేతుల మీదుగా వెళ్లిన ఒక కేసు చెప్తాను, కంపెనీ పేరు అనవసరం. పికప్ తగ్గింది, చల్లగా ఉన్నప్పుడు కొట్టుకుంటోంది అని ఒక టర్బో ఇంజిన్ తెచ్చారు. అది కూడా మంచి పేరున్నదే. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ విప్పితే వాల్వుల వెనక నల్లటి గట్టి పొర, వేలితో గీకితే రాలనంత, వాల్వు కాడ సగం లావెక్కినట్టు కనిపించింది. పాత పద్ధతిలో పెట్రోల్ వాల్వు మీద పడి దాన్ని కడుగుతూ ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే పోతుంది కాబట్టి ఆయిల్ ఆవిరి మసి అక్కడే పేరుకుంటుంది. వాల్‌నట్ చిప్పల పొడితో బ్లాస్టింగ్ చేసి శుభ్రం చేశాక ఇంజిన్ మళ్లీ దారిలో పడింది. టొయోటా డీ-4ఎస్ లాగా రెండు చోట్లా ఇంజెక్టర్లు ఉన్నవాటికి ఈ బెడద చాలా తక్కువ. మీ లిస్టులో కారుకి ఇంజెక్షన్ ఏ రకమో ఒకసారి చూసుకోండి.

మీరు ఎంచుకునేటప్పుడు

ఎక్కువ ఊళ్లోనే, ఆగుతూ కదులుతూ తిరిగేటట్టయితే ఫుల్ హైబ్రిడ్‌కి పోటీ లేదు, టొయోటా, హోండా, హ్యుందాయ్‌లలో ఏదైనా సరే. ఎక్కువ హైవే, నిలకడైన 80-100 వేగం అయితే హైబ్రిడ్ లాభం తగ్గుతుంది, మంచి మామూలు పెట్రోల్ ఇంజిన్ గానీ చిన్న టర్బో గానీ దగ్గరికొచ్చేస్తుంది. ఎప్పుడూ నిండా లోడ్, ఘాట్లు అయితే మరీ చిన్న టర్బో వద్దు, ఒక సైజు పెద్దది తీసుకోండి, పైన చెప్పిన పెట్రోల్ పోసి చల్లబరిచే పరిస్థితి రాకుండా ఉంటుంది. నడపడంలో ఆనందమే ముఖ్యం అనుకుంటే బీఎండబ్ల్యూ ఆరు సిలిండర్ల ఇంజిన్లకి అన్ని అవార్డులు ఊరికే రాలేదు, టెస్ట్ డ్రైవ్‌లో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ తీసుకుంటే రెండు జాగ్రత్తలు. పై గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర ఉండగా ఫుల్‌గా తొక్కకండి, గేరు దించి తొక్కండి. అలాంటప్పుడు స్పార్క్ పడకముందే మిశ్రమం దానంతటదే అంటుకుని పిస్టన్‌నే పగలగొట్టగలదు. దీనికోసమే 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ అని కొత్త ఆయిల్ గ్రేడులు తెచ్చారు. డబ్బా మీద ఎస్‌పీ గానీ దాని తర్వాతి గ్రేడు గానీ ఉందో లేదో చూసి, కంపెనీ చెప్పిన చిక్కదనమే వాడండి.

ఇక మైలేజీ మీరే కొలుచుకోవాలంటే డిస్‌ప్లేలో చూపించే అంకెని నమ్ముకోకండి, చాలా కార్లలో అది కొంచెం ఎక్కువే చూపిస్తుంది. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర మొదటి కట్ పడేదాకా నింపించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి, ట్యాంకు సగం కన్నా కిందకి వచ్చాక మళ్లీ అక్కడే అలాగే నింపించి, తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించండి. ఒక్కసారి చూసి వదిలేయకుండా వరసగా కొన్ని ట్యాంకుల సగటు తీయండి, నింపేటప్పుడు వచ్చే చిన్న తేడాలు అందులో సర్దుకుంటాయి. మీ లిస్టులో ఉన్న కార్ల పేర్లు, రోజూ ఊళ్లో ఎంత హైవే మీద ఎంత తిరుగుతారో కింద రాయండి, ఆ ఇంజిన్ల గురించి విడివిడిగా చెప్తాను.